వంకర గూటికి దండకం

గిజిగాడా! ముందుగా నీ ముక్కుకు దండం.

మగ్గం లేదు నీకు. కండె లేదు, పన్నె లేదు, పక్కన కూర్చుని దారం అందించే మనిషి లేడు. గింజలు ఒలుచుకోవడానికి ఇచ్చిన పొట్టి ముక్కు, కొమ్మ పట్టుకోవడానికి ఇచ్చిన రెండు కాళ్లు, అంతే నీ పనిముట్లు. సార్వా నారు పచ్చగా లేచే వేళకి ఏలూరు కాలవ గట్టున తాటిమట్టల చివర నీ ఇళ్లు వేలాడుతుంటాయి. పక్కనే రైలు పోతుంటుంది. తాడేపల్లిగూడెం స్టేషన్ దాటాక కిటికీ దగ్గర చోటు దొరికిన పిల్లవాడు వాటిని లెక్కపెట్టబోయి, లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టేలోగా చెట్టు వెనక్కి వెళ్లిపోతుంది.

నీ పోచకు దండం. వరి ఆకు అంచున ముక్కుతో చిన్న గాటు పెడతావు. ఆ గాటు దగ్గర అంచు కరిచి పట్టుకుని ఒక్కసారిగా ఎగురుతావు. నీ ఎగురుడే నీ కత్తి. జర్రున ఆకు నిలువునా చీలి నీ వెంట వస్తుంది, 20 నుంచి 60 సెంటీమీటర్ల పొడవున, తోకకన్నా పొడుగైన తోకలాగా. తాటాకైనా అంతే, చెరకు ఆకైనా అంతే. పచ్చిగా ఉండగానే అల్లెయ్యాలి, ఎండితే విరుగుతుంది. అల్లాక ఎండాలి, అప్పుడే బిగుస్తుంది. ఈ సంగతి నీకు తెలుసా, లేక నీ ముక్కుకు మాత్రమే తెలుసా? నేను తేల్చుకోవాలనుకుంటున్న గొడవంతా అదే.

నీ రాకపోకలకు దండం. ఒక్క గూటికి 500 సార్ల దాకా తిరుగుతావని చూసినవాళ్లు రాశారు. పొలానికీ చెట్టుకీ, చెట్టుకీ పొలానికీ. మొదట మట్ట కొసకి పోచలు చుట్టి, మెలేసి, ఇంకోటి దూర్చి, లాగి, ఒక గట్టి పట్టు. ఆ పట్టు నుంచి కిందికి వేలాడే ఒక వలయం. ఆ వలయంలో నువ్వు నిలబడతావు. ఇక అక్కడి నుంచి నీ ఒళ్లే నీ కొలబద్ద. ముక్కు ఎంతవరకు అందితే గోడ అంతవరకు. వలయానికి ఒకవైపు గది, రెండోవైపు గుమ్మం. మధ్యలో అడ్డంగా ఒక పట్టీ. ఈ దశలో గూడు వేలాడదీసిన శిరస్త్రాణంలా ఉంటుంది. ఇంతవరకు రావడానికి ఎనిమిది రోజులు పడుతుంది. పూర్తి గూటికి పద్దెనిమిది రోజులు.

కానీ పూర్తి చెయ్యవు. ఇక్కడే ఆగుతావు. ఆగి, సగం ఇంటికి వేలాడుతూ రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తావు. పసుపు టోపీ పెట్టుకున్న మగాళ్లందరూ ఒకేసారి అరుస్తారు. ఆడపిట్ట వస్తుంది, లోపలికి దూరుతుంది, పోచలు లాగి చూస్తుంది, పోతుంది. ఇంకోటి చూస్తుంది. ఒకటి ఒప్పుకుంటుంది. అప్పుడు కదా నువ్వు మిగతా గది మూసి, కిందికి ఆ పొడుగాటి గొట్టం అల్లి, పాముకూ కాకికీ అంతుబట్టని దారి వేసేది! ఆమె లోపల గుడ్ల మీద కూర్చోగానే నువ్వు పక్క మట్టకు ఇంకో ముడి వేస్తుంటావు, ఇంకో ఆడపిట్ట కోసం. ఈ కాపురం గుట్టంతా బయటపెట్టినవాడు సలీం అలీ. బొంబాయి దగ్గర కిహిమ్‌లో మకాం పెట్టి నీ గుంపును చూసి, 1931లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో రాశాడు. అంతకు ముందు నిన్ను ఏకపత్నీవ్రతుడిగా మెచ్చుకున్నవాళ్లు ఆ తర్వాత నీ పనితనాన్ని మాత్రమే మెచ్చుకున్నారు. నేనూ అంతే.

నీ మట్టిముద్దకు దండం. గూటి లోపల గోడకు తడిమట్టి ముద్దలు మెత్తుతావు. వాటిలో మిణుగురు పురుగుల్ని గుచ్చి రాత్రిళ్లు దీపాలు పెట్టుకుంటావని దేశమంతా చెప్పుకుంటారు. మట్టి నిజమే, దీపాలు మన ముచ్చట. గాలికి గూడు మరీ ఊగిపోకుండా బరువు కోసమని కొందరు, గోడకు గట్టిదనం కోసమని కొందరు అంటారు. కొల్లేటి మీది నుంచి వచ్చే వానగాలికి తాటిచెట్టు తలే సగం వంగుతుంది. ఆ చెట్టు కొసన, ఆకు చివర, పోచకు వేలాడే గదిలో రెండు నుంచి నాలుగు గుడ్లు పగలకుండా ఉంటాయి. మిణుగురులు లేకపోయినా ఆ మాట చాలదా ముచ్చటపడడానికి?

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎవరు నేర్పారయ్యా నీకు?

తాడేపల్లిగూడెంలో 2015లో నిట్ పెట్టారు. అక్కడ సివిల్ ఇంజనీరింగు నాలుగేళ్ల చదువు. వంతెన కట్టే ముందు లెక్కలు, ప్రయోగశాల, పరీక్షలు, తప్పినవాళ్లకు మళ్లీ పరీక్షలు. నీకు బడి లేదు, పుస్తకం లేదు. కాబట్టి పుట్టుకతోనే వచ్చేసిందని చేతులు దులుపుకోవచ్చు. మన ఊళ్లలో అలాగే దులుపుకుంటారు కూడా. చేపపిల్లకు ఈత నేర్పాలా, అంటారు. కొల్లేటి ఒడ్డున ఆ మాట అంటే ఎవరు కాదంటారు? కొర్రమీను జంట గుర్రపుడెక్క, నాచు మధ్య గుండ్రంగా చోటు శుభ్రం చేసి, పైకి తేలే గుడ్లు అందులో పెట్టి, కాపలా కాస్తుంది. ఆ చోటు చెయ్యడం దానికి ఏ పెద్ద కొర్రమీనూ పక్కన నిలబడి చెప్పలేదు.

సాలీడు సంగతి చూస్తే ఆ సామెతకు ఇంకా బలం. గుడ్డు సంచిలోంచి బయటికొచ్చిన ఆవగింజంత పిల్ల, తల్లిని చూడకుండా, తల్లి గూడు చూడకుండా, కొద్ది రోజుల్లో తన చిన్న వల తాను అల్లుకుంటుంది. ఆకులు, చక్రాలు, జిగురు దారం, అన్నీ అమ్మ వలలో ఉన్న వరుసలోనే. చిన్నప్పటి నుంచీ వల అల్లే చోటు లేకుండా పెంచిన సాలెపురుగులను తర్వాత వదిలితే మామూలు వలే అల్లాయి. ఇంతకన్నా పుట్టువిద్య అని దేన్నంటాం? అయినా ఒక తమాషా ఉంది. 1973లో అమెరికావాళ్ల స్కైలాబ్‌లో అరబెల్లా, అనిటా అని రెండు సాలెపురుగులు అంతరిక్షంలోకి వెళ్లాయి. బరువే లేనిచోట అరబెల్లా మొదటి వలలు చిందరవందర. మూడో రోజుకల్లా గుండ్రటి వల అల్లింది. రక్తంలో రాసి ఉన్న పాఠాన్ని కూడా కొత్తచోట ఒకటి రెండుసార్లు తప్పు చదివి, దిద్దుకుని, మళ్లీ చదవాల్సి వచ్చింది దానికి.

చెదలు ఇంకో దారి. పొలం గట్టున పుట్ట ఆకారం ఏ ఒక్క చెదపురుగు తలలోనూ లేదు. ఒకటి పెట్టిన మట్టిముద్ద ఇంకోదానికి 'ఇక్కడ పెట్టు' అని చెబుతుంది. పని తానే తర్వాతి పనికి మేస్త్రీ. పియెర్ పాల్ గ్రాసే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1959లో ఈ మర్మం విప్పాడు. నాగులచవితికి పుట్టలో పాలు పోసేవాళ్లకు ఈ సంగతి చెబితే పుట్ట మీద భక్తి పెరుగుతుందే కానీ తగ్గదనుకుంటాను.

ఈ పక్షం ఇలా ఉండగా, 1867లో ఆల్ఫ్రెడ్ రసెల్ వాలేస్ ఎదురుపక్షం పట్టాడు. డార్విన్‌తో పాటు పరిణామ సిద్ధాంతం ప్రకటించినవాడే. పిట్టలు గూడు కట్టడం పుట్టుగుణమని ఎందుకు ఒప్పుకోవాలి, తాము పెరిగిన గూడును చూసి నేర్చుకుంటాయేమో, మనుషులు తమ తాతల ఇంటి తీరునే కట్టుకున్నట్టు, అని వాదించాడు. మంచి వాదమే. కానీ వాలేస్ దొరకు ఏలూరు మామిడితోటలో ఒక వేసవి మధ్యాహ్నం నా జవాబు ఉంది. కోకిల పిల్ల కాకి గూట్లో కళ్లు తెరుస్తుంది. రోజుల తరబడి ఆ పుల్లల మధ్యే పెరుగుతుంది, కాకి పెట్టింది తింటుంది. గూడు ఎలా ఉంటుందో లోపలి నుంచి దానికన్నా బాగా చూసినవాళ్లెవరు? అయినా పెద్దయ్యాక ఒక్క పుల్ల తీసి ఇంకో పుల్ల మీద పెట్టదు. కూస్తుంది. మళ్లీ కాకి గూడే వెతుక్కుంటుంది. కంటితో చూడ్డం ఒక్కటే చాలేట్టయితే కోకిలకు సొంత ఇల్లుండేది.

అటు చూపు చాలదు. ఇటు పుట్టుక చాలుతుందా? ఇదిగో గిజిగాడా, ఇక్కడ నీ వంకర గూటికి సాష్టాంగం.

గుంపు గూళ్లు కట్టిన చెట్టుకు ఒక పక్కన, మంచి మట్టలన్నీ పెద్దవాళ్లు పట్టేసుకున్నాక మిగిలిన అంచున, ఇంకా పసుపు ఎక్కని కుర్రమగపిట్టలు కొన్ని చేరతాయి. చూడ్డానికి ఆడపిట్టల్లా గోధుమరంగులో ఉంటాయి. వీటి పని చూడాలి. పోచ చీల్చబోతే మధ్యలో తెగుతుంది. తెచ్చిన పోచ దూర్చబోతే జారిపోతుంది. దూరినా లాగే కొస మరిచిపోయి వదిలేస్తాయి. వలయం కట్టబోతే అది గంటలా కాక బుట్ట మూలలా వస్తుంది. గాలి వస్తుంది, ఊడుతుంది. ఊడిన చోటే మళ్లీ మొదలు. ఆ గూటికి ఏ ఆడపిట్టా రాదు. ఏ ఫొటోగ్రాఫరూ రాడు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో వేసే బొమ్మ ఎప్పుడూ పూర్తయిన గూటిదే. నీ విద్యకు అసలు సాక్ష్యం మాత్రం ఈ చిరిగిన గూట్లోనే ఉంది. పుట్టుకతో వచ్చిందంతా అక్కడ ఉంది, రావాల్సినదంతా అక్కడ కొరతగానూ ఉంది.

నికోలస్ కోలియాస్, ఎల్సీ కోలియాస్ అనే భార్యాభర్తలు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నీ ఆఫ్రికా దాయాదిని, పల్లెల్లో గుంపులు కట్టే నేతపిట్టను, పంజరాల్లో పెంచి ఏళ్ల తరబడి చూశారు. 1964లో వాళ్లు రాసినదాంట్లో నాకు నచ్చిన భాగం ఇది. కొన్ని మగపిల్లలకు చిన్నప్పుడు ఆకు గానీ గడ్డి గానీ అందకుండా పెంచారు. పెద్దయ్యాక పచ్చి ఆకు ఇచ్చారు. కట్టాలన్న తహతహ ఉంది. పచ్చరంగు మీద మక్కువ కూడా ఉంది. కానీ ముక్కుకు పోచ చీల్చడం రాలేదు. అల్లడం రాలేదు. గడ్డితో ఆడుకుంటూ పెరిగిన తోటిపిట్టలు ముందుకు వెళ్లిపోయాయి, ఇవి వెనకబడ్డాయి. సాధన చేశాక మెల్లమెల్లగా చేతికొచ్చింది, అంటే ముక్కుకొచ్చింది.

ఆడుకుంటూ, అన్న మాట దగ్గర కాసేపు నిలబడాలని ఉంది. పిల్లపిట్ట గడ్డిపోచ నోట కరుచుకుని అటూ ఇటూ తిప్పడం, కొమ్మ సందులో దూర్చడం, లాగడం, పారేయడం మనకు అల్లరిలా కనిపిస్తుంది. అది పొలంలో గింజ తినకుండా ఎందుకు పొద్దుపుచ్చుతోందని రైతు అనుకోవచ్చు (గింజ తినకపోతే రైతుకు మంచిదే). ఆ అల్లరే దాని ఓనమాలు. నీ పూర్వీకులు నీకు ఇచ్చిన ఆస్తి ఇల్లు కట్టే ప్లాను కాదేమో గిజిగాడా, గడ్డిపోచ కనబడితే ఊరుకోలేని ఆ దురద. మిగతాది నువ్వు సంపాదించుకున్నదే.

2011లో అచ్చయిన ఇంకో పరిశీలన బోట్స్వానాలో జరిగింది. అక్కడి ముసుగు నేతపిట్టలు గూళ్లు కడుతుంటే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్లు వీడియో తీశారు. ఒకే జాతి, ఒకే ఊరు, ఒకే గడ్డి. అయినా ఒకటి ఎడమ నుంచి కుడికి అల్లుతుంది, ఇంకోటి కుడి నుంచి ఎడమకు. అలవాటు పడేకొద్దీ జారవిడిచే పోచలు తగ్గుతూ వచ్చాయి. నూటికి నూరుపాళ్లు రక్తమే అల్లుతుంటే, ఈ చేతివాటాలు ఎక్కడివి? జారిన ఆ పోచలు ఎక్కడివి? తాడిచెట్టు మొదట్లో రాలిపడి ఎండిన పోచల కుప్పను ఇకమీదట చెత్త అనకండి. అది పలక మీద కొట్టేసిన అక్షరాల కుప్ప.

ఏలూరు వచ్చినవాళ్లు తివాచీల గురించి అడుగుతారు. పర్షియా నుంచి వచ్చిన నేతగాళ్లతో మొదలైందని చెప్పుకునే పని అది. ఉన్ని ముడి మీద ముడి, వరస మీద వరస, అంగుళంలో ఎన్ని ముడులు పడితే అంత మేలైన తివాచీ. ఆ ఇళ్లలో పిల్లలకు ఆ పని పుట్టుకతో వచ్చిందని ఊరంతా అంటుంది. ఆ మగ్గం పక్కన తండ్రి మోకాలి దగ్గర కూర్చుని, తప్పు ముడి వేసి, మొట్టికాయ తిని, విప్పి మళ్లీ వేసిన వేళ్లకు తెలుసు అది ఎలా వచ్చిందో. మన దేశంలో ఇది పాత మోసం. చేతులు నేర్చుకున్నదాన్ని పుట్టుక ఖాతాలో జమ వేస్తాం. వేసి, ఆ పుట్టుక లేనివాడికి ఆ విద్య రాదంటాం, ఉన్నవాడికి ఇంకే విద్యా అక్కర్లేదంటాం.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా ఈ మోసాన్ని ఒంటిమీద భరించినవాడు. పుట్టుక చూపించి అవమానించిన సభల్లోనే పద్యం చెప్పి నిలబడ్డ కవి. ఆయన గిజిగాడి మీదా రాశాడు, సాలీడు మీదా రాశాడు. ఇద్దరు నేతగాళ్లనూ ఒకే కవి ఎంచుకోవడం నాకు ఊరికే జరిగినట్టు అనిపించదు. సాలీడు పుట్టగానే వచ్చిన విద్యకు కొస, గిజిగాడు పుట్టుకా సాధనా ముడిపడ్డ చోటు. జాషువా ఈ లెక్క వేసుకున్నాడని నేననడం లేదు. లెక్క నాది. జాతిని చూసి పనితనం తేల్చేయకూడదని చెప్పడానికి పిట్టను సాక్షికి పిలవాల్సివస్తే, ఆ కవి పక్కన కూర్చుని పిలవడమే నాకు ధైర్యం.

కొల్లేటికి దండం ఇప్పుడు. గోదావరికీ కృష్ణకూ మధ్య పళ్లెంలా పరుచుకున్న తల్లి. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చి పోసిన నీటిని ఉప్పుటేరు దారిన సముద్రానికి పంపే తల్లి. ఈ నీటి మీద ఇంకో పెద్ద మేస్త్రీ ఉన్నాడు. గూడబాతు. గిజిగాడి ముందు ఇతడి పనితనం మోటు. మగది పుల్లలు తెస్తుంది, ఆడది పేరుస్తుంది, పుల్ల మీద పుల్ల, ఒక మంచె. అంతే. ముడి లేదు, మెలిక లేదు. ఈ మంచె వెయ్యడానికి చదువేం కావాలి? కానీ మంచె ఎక్కడ వెయ్యాలి అన్నది చదువే.

1946లో కె.కె. నీలకంఠన్ అనే మలయాళీ పక్షిశాస్త్రజ్ఞుడు, ఇందుచూడన్ అనే పేరుతో రాసినవాడు, ఈ కొల్లేటి సీమలో గూడబాతుల పెద్ద నివాసాన్ని లోకానికి చూపించాడు. అప్పుడు దాదాపు 3,000 పిట్టలు ఆ చెట్ల మీద కాపురం ఉన్నాయి. 1975 ప్రాంతానికి ఆ చోటు ఖాళీ. రక్తంలో పుల్లలు పేర్చే విద్య ఎటూ పోలేదు, పేర్చే చోటు పోయింది. ఏ చెట్టు మంచిది, ఏ ఊరివాళ్లు రాళ్లు వెయ్యరు, ఏ నీటిలో చేప దొరుకుతుంది అన్న ఎరుక గుడ్డులో రాదు. అది గుంపు జ్ఞాపకం, పెద్ద పిట్టల వెంట చిన్న పిట్టలు ఎగిరి వచ్చి దిగడంలో ఒకరి నుంచి ఒకరికి అందేది. గుంపు చెదిరితే ఆ జ్ఞాపకమూ చెదురుతుంది.

తర్వాత చెరువులొచ్చాయి, కొల్లేరు గట్లుగట్లుగా ముక్కలైంది. 1999లో అభయారణ్యమని ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రాంసార్ జాబితాకెక్కింది, 2006లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ కథ అందరికీ తెలిసిందే, అందరికీ ఒక్కో తీరున తెలిసిందే. నాకిక్కడ కావాల్సింది కైకలూరు పక్కన ఆటపాక. చెట్లు చాలక అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. గూడబాతు వంశంలో ఏ తాతా ఇనుప స్తంభం మీద గూడు పెట్టి ఉండడు. మరి ఇవి వచ్చాయి, చూశాయి, దిగాయి, పుల్లలు తెచ్చాయి. ఒకటి దిగాక పక్కది దిగింది. ఇప్పుడు పడవ ఎక్కి వెళ్లినవాళ్లకు, ఇనుప చట్రాల మీద పిల్లల్ని సాకుతున్న గూడబాతులు ఎప్పటి నుంచో అదే ఆచారం అన్నట్టు కనిపిస్తాయి. అక్కడ పుట్టిన పిల్లకు అదే ఆచారం. దానికి స్టాండే చెట్టు.

గిజిగాడా, నువ్వేం తక్కువ తిన్నావా! తాళ్లు నరికేసిన చోట కరెంటు తీగకు వేలాడదీశావు. వరి లేనిచోట ఏ పొడుగాటి గడ్డి దొరికితే ఆ గడ్డి చీల్చావు. ఆడపిట్ట కూడా నీ నేతనాణ్యం కన్నా నువ్వు ఎంచిన చోటుకే ఎక్కువ మార్కులు వేస్తుందని ఒక అధ్యయనం తేల్చింది. పాపం, 500 సార్లు తిరిగినవాడికి ఈ మాట చెప్పడం భావ్యం కాదు. అయినా చెప్పేశాను.

ఇక వరం అడిగే వేళ. దండకమన్నాక వరం అడగకుండా ముగియదు.

2024లో కలహరి ఎడారి నుంచి ఒక వార్త వచ్చింది. అక్కడ తెల్లకనుబొమల నేతపిచ్చుకలు గుంపులుగా, అందరూ కలిసి గడ్డి గొట్టాలు కడతాయి. మరియా టెల్లో రామోస్, సూ హీలీ, వాళ్ల తోటివాళ్లు 43 గుంపులవి, 400కు పైగా గూళ్లు కొలిచారు. ఒక గుంపువి పొడుగు గొట్టాలు, కొద్ది మీటర్ల అవతల ఇంకో గుంపువి పొట్టి గొట్టాలు. ఏడాది తర్వాత ఏడాది అదే తేడా. వాతావరణం తేడా కాదు, చెట్టు తేడా కాదు, చుట్టరికం తేడా కూడా కాదు. బయటి గుంపు నుంచి వచ్చి చేరిన పిట్ట ఇక్కడి పద్ధతే పట్టింది, కోడలు అత్తింటి పప్పుచారు పట్టినట్టు. పిట్టలకూ ఊరి పద్ధతులుంటాయన్నమాట.

మరి నీకున్నాయా? ఆకివీడు వైపు నీ గుంపు కట్టే గొట్టం, కైకలూరు వైపు నీ గుంపు కట్టే గొట్టం ఒకే పొడవా? తాటిపోచ దొరికే గట్టున నేర్చుకున్న కుర్రపిట్ట, వరిపోచ మాత్రమే ఉన్నచోటికి వెళితే పాత ముడే వేస్తుందా, కొత్త ముడి పడుతుందా? ఉంగుటూరు దగ్గర ఎడమచేతి వాటం పిట్టలు ఎక్కువా? తాడేపల్లిగూడెంలో నిట్ ఉంది, పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఏలూరులో కాలేజీలకు కొదవలేదు, సెలవుల్లో పొద్దుపోని పిల్లలకు అసలే కొదవలేదు. నేనడిగే వరం ఇదొక్కటే. గుంపు ఉన్న చెట్లు మరికొన్నాళ్లు ఉంచు, కొలిచే పిల్లల్ని పంపించు.

పిల్లలూ, టేపు ఒకటి, నోటుపుస్తకం ఒకటి చాలు. కాపురం నడుస్తున్నప్పుడు చెట్టు దగ్గరికి పోకండి, దూరం నుంచే ఏ పిట్ట ఎటు నుంచి అల్లుతోందో రాసుకోండి. కోతలయ్యాక కింద రాలిన గూళ్లు ఏరండి. గొట్టం పొడవు, గది లోతు, పోచ ఏ ఆకుదో, మట్టి ఉందా లేదా, ఊరి పేరు. చెట్టు మొదట్లో సగంలో వదిలేసిన వంకర గూళ్లు కనిపిస్తే వాటిని విడిగా పెట్టి ముందు వాటినే కొలవండి. ఇంకా చెట్టుకు వేలాడుతున్న పాత గూటి మీద చెయ్యి మాత్రం వెయ్యకండి. గిజిగాడు ఖాళీ చేశాక అందులో జీనువాయి పిట్టలు అద్దె లేకుండా దిగి ఉంటాయి.